ఏళ్ల తరబడి బరువులు ఎత్తుతున్నవాళ్ళు చెప్పండి, మిమ్మల్ని నిలబెట్టేది ఏమిటి?

బెళ్ళందూరు_కుర్రాడు

అందరికీ నమస్కారం. మాది నరసరావుపేట. ఇక్కడ బెంగళూరులో ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక కంపెనీలో పని చేస్తున్నా. జిమ్‌లో చేరి ఏడాది దాటింది. మొదటి ఆరు నెలలు గాల్లో తేలినట్టుండేది. ఖాళీ బార్‌తో మొదలుపెట్టిన బెంచ్ ప్రెస్ (బల్ల మీద పడుకుని బార్‌ని పైకి తొయ్యడం) 60 కిలోలదాకా వచ్చింది, స్క్వాట్ (బార్ భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం) 80 దాటింది. అక్కడినుంచి కదలడం లేదు. నెలలు గడుస్తున్నా అవే ప్లేట్లు, అవే రెప్స్ (ఆపకుండా ఎన్నిసార్లు ఎత్తానన్న లెక్క). పొద్దున అలారం మోగితే "ఇవాళ వెళ్ళి మాత్రం ఏం చేస్తాను" అనిపిస్తోంది.

ఐదేళ్ళు, పదేళ్ళు దాటినవాళ్ళు ఇక్కడ ఉన్నారని తెలుసు. మిమ్మల్ని రోజూ లేపి పంపేది పట్టుదలా, అలవాటా, ఇంకేమన్నానా? వీడియోల్లో చెప్పే మాటలు వద్దు. మీకు జరిగింది చెప్పండి.

నోటుబుక్కు_రాజు

తమ్ముడూ, నీకు జరిగింది అందరికీ జరిగేదే. ముందు ఈ లెక్క చూడు. వారానికి 2.5 కిలోల చొప్పున పెరుగుతూనే పోతే ఏడాదికి 130 కిలోలు. రెండేళ్ళకి 260. ప్రపంచంలో ఎవరికీ అలా పెరగదు. ఏదో ఒక రోజు ఆగాల్సిందే, నీకు ఇప్పుడు ఆగింది.

మొదటి రెండు మూడు నెలల్లో బరువు అంత వేగంగా పెరిగేది చాలావరకు నరాల వల్ల. ఉన్న కండనే ఎక్కువగా పనిలోకి దించడం, ఏ కండరం ఎప్పుడు లాగాలో ఎప్పుడు వదలాలో సర్దుకోవడం ఒంటికి తెలిసివస్తుంది. కండ పెరగడం దాని వెనకాల నిదానంగా జరిగే పని. నువ్వు ఇప్పుడు ఆ నిదానంలోకి వచ్చావు. ఇక్కడే కొందరు మానేస్తారు, కొందరు వారానికో కొత్త ప్రోగ్రాం పట్టుకుంటారు. నన్నడిగితే రెండోదే ఎక్కువ నష్టం. మానేసినవాడు ఎప్పటికైనా తిరిగొస్తాడు. వారం వారం మార్చేవాడికి తను ఎక్కడున్నాడో ఎప్పటికీ తెలియదు.

నాకు దారి చూపింది మామూలు రూళ్ళ నోటుబుక్కు. అందులో ఒక పేజీ ఎలా ఉంటుందో చెబుతా. పైన తేదీ, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నానో. దాని కింద "బెంచ్ 60: 5, 5, 4". అంటే 60 కిలోలతో మూడు సెట్లు (విడతలు), ఒక్కోదాంట్లో అన్నేసి రెప్స్. పక్కన ఒక్క ముక్క, "చివరిది కష్టంగా లేచింది" అనో, "ఇంకోటి వచ్చేది" అనో. తర్వాతి వారం 5, 5, 5. ఆ పై వారం 6, 5, 5. బార్ మీద బరువు అంతే ఉంది, కానీ మొత్తం రెప్స్ 14 నుంచి 16 అయ్యాయి. ఇది అద్దంలో కనబడదు, పక్కన నిలబడ్డవాడికీ కనబడదు. పుస్తకం తిరగేస్తేనే తెలుస్తుంది. మూడు సెట్లలోనూ 8 వచ్చాకే ప్లేట్లు పెంచుతా. పెంచినా రెండు వైపులా కలిపి 2.5 కిలోలే.

ఇంకొకటి. ఆరేడు వారాలకోసారి ఒక వారం సెట్లు సగానికి తగ్గిస్తా. జిమ్‌కి వెళ్ళడం మాత్రం మానను. అలసట ఎక్కువైనప్పుడు ఉన్న బలం కూడా బయటికి రాదు. ఆ తేలిక వారం తర్వాత చాలాసార్లు బార్ దానంతట అదే లేచినట్టుంటుంది. నీ బెంచ్ నిజంగా ఆగిపోయిందో, అలసట కింద ఉండిపోయిందో ముందు అది తేల్చుకో.

శుక్రవారం_బస్సు

బ్రో, మనలాంటివాళ్ళకి ఇంకో చిక్కుంది, అది ఏ ప్రోగ్రాంలోనూ రాయరు. నెలకి రెండుసార్లయినా శుక్రవారం రాత్రి మారతహళ్ళిలోనో టిన్ ఫ్యాక్టరీ దగ్గరో బస్సెక్కుతాం. సోమవారం తెల్లారేసరికి మెడ పట్టేసి, నిద్ర చాలక, భుజాన బ్యాగుతో దిగుతాం. జిమ్‌లో మాత్రం అందరికీ సోమవారమే మొదటి రోజు. ఆ రోజు పోతే వారమంతా పోయినట్టే అనిపిస్తుంది.

నేను సోమవారాన్ని లెక్కలోంచి తీసేశాను. మంగళ, గురువారాలు నావి, అడ్డం ఏం వచ్చినా సరే. ఊళ్ళో ఉంటే శనివారం కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి చెప్పేది కూడా వారానికి కనీసం రెండు రోజులు కండరాలకి గట్టి పని అనే. రెండు రోజులే అయినా వదలకుండా చేస్తే బలం పెరుగుతుంది, నాకు పెరిగింది. ఊరికెళ్ళి వచ్చిన వారం వెనకబడ్డానన్న బాధ కూడా పోయింది. అన్నిటికంటే మేలు చేసింది అదే.

కుందలహళ్ళి_గేట్

ఇంటికి దగ్గర్లో ఉన్న జిమ్‌లో చేరండి. మిషన్లు పాతవైనా ఫర్వాలేదు, బార్, ర్యాక్, ప్లేట్లు ఉంటే చాలు. ఔటర్ రింగ్ రోడ్డు దాటి వెళ్ళాల్సిన జిమ్ ఎంత బాగున్నా వాన పడిన సాయంత్రం వెళ్ళలేం. ఇంకోమాట, ఏడాది ఫీజు ఒకేసారి కట్టకండి. మేం కట్టిన చోట నాలుగు నెలలకే షట్టర్ దించేశారు, డబ్బు తిరిగి రాలేదు. మూడేసి నెలలకి కట్టుకోండి.

జయనగర్_అత్తయ్య

బాబూ, నాకు యాభై ఐదు దాటాయి. మీ అందరికంటే తక్కువ బరువే ఎత్తుతాను కానీ, ఎత్తడం మొదలుపెట్టి ఏడెనిమిదేళ్ళయింది కాబట్టి నేనూ చెప్పొచ్చనుకుంటున్నా.

నెలసరి ఆగిపోయాక ఆడవాళ్ళకి ఎముకలు త్వరత్వరగా పలచబడతాయి. డాక్టరు ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ చేయించి, మందులతో పాటు బరువులు ఎత్తే వ్యాయామం కూడా చెయ్యమన్నారు. మా ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. ఈ వయసులో నడుం పట్టేస్తే ఎవరు చూస్తారన్నారు. మా పార్కులో నాతోపాటు నడిచే ఇద్దరు కన్నడావిడలు తోడొచ్చారు. ముగ్గురం కలిసి చేరాం. ట్రైనర్ కుర్రాడు "ఒందు, ఎరడు, మూరు" అని లెక్కపెడుతుంటే కుర్చీలోంచి లేచి కూర్చోవడంతో మొదలైంది మా స్క్వాట్. తర్వాత చేతిలో చిన్న డంబెల్. ఇప్పుడు బార్ మీద 40 కిలోలు పెట్టి నేలమీంచి లేపుతాను. మొన్న ఊరెళ్ళినప్పుడు పాతిక కిలోల బియ్యం బస్తా నేనే ఎత్తి డబ్బా పక్కన పెట్టాను. మా ఆయన ఏమీ అనకుండా ఫోటో తీశారు.

నన్ను ఇన్నేళ్ళు నిలబెట్టింది ఆ ఇద్దరూ. ఒకరు రాకపోతే మిగతా ఇద్దరం ఇంటికి ఫోను చేస్తాం, తిట్టడానికి కాదు, ఒంట్లో ఎలా ఉందో కనుక్కోవడానికి. మీకు ఒంటరిగా హెడ్‌ఫోన్లు పెట్టుకుని చేసుకోవడం అలవాటు. అది కూడా మీకు కష్టమవుతోందేమో ఒకసారి చూసుకో నాయనా.

బెళ్ళందూరు_కుర్రాడు

అత్తయ్యగారూ, 40 కిలోల డెడ్‌లిఫ్ట్ సంగతి మా అమ్మకి చదివి వినిపించాను, చాలా థ్యాంక్స్. రాజు అన్నా, నోటుబుక్కు ఇవాళే మొదలుపెడతా. ఇంకో సందేహం. అందరూ ఏర్పాట్ల గురించి చెబుతున్నారు. అసలు పట్టుదలతో పనే లేదా?

నెల్లిమర్ల_వాడు

ఎందుకు లేదు తమ్ముడూ! మాది విజయనగరం జిల్లా. మా పక్క కొండవెలగాడ ఉంది, వెయిట్ లిఫ్టింగ్ అంటే ఆ ఊరి పేరే చెబుతారు. గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చిన మత్స సంతోషిది ఆ ఊరే. చిన్నప్పుడు ఆ పిల్లలు సాధన చేస్తుంటే చూశాను. ఒకే లిఫ్ట్, ఖాళీ రాడ్డుతో, పూటంతా. చూసే మాకు విసుగొచ్చేది, వాళ్ళకి వచ్చేది కాదు. నేను పట్టుదల అనేది దాన్నే. పళ్ళు బిగించి అరిచి ఎత్తడం ఆ రోజుకి సరిపోతుంది, పదేళ్ళకి సరిపోదు.

మన కరణం మల్లీశ్వరినే తీసుకో. ఆముదాలవలస దగ్గర ఊసవానిపేట ఆవిడది. 1994లో, 1995లో 54 కిలోల ఒంటి బరువు విభాగంలో ప్రపంచ ఛాంపియన్. అప్పటికి ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి వెయిట్ లిఫ్టింగే లేదు. 2000లో సిడ్నీలో మొదటిసారి పెట్టారు. అంటే అన్నిటికంటే పెద్ద వేదిక తన కోసం తెరుచుకునే దాకా ఏళ్ళ తరబడి బలం నిలుపుకోవాలి. ఆ మధ్యలో ఇంటి బాధ్యతలు, విభాగం మారడం, ఆవిడ పని అయిపోయిందన్న మాటలు. సిడ్నీలో 69 కిలోల విభాగంలో స్నాచ్ (నేలమీంచి ఒకే ఊపులో తలపైకి) 110, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాలదాకా, తర్వాత తలపైకి) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఆ రోజు స్వర్ణం, రజతం గెలిచిన ఇద్దరూ ఎత్తింది 242.5. తేడా రెండున్నర కిలోలు. నీ బార్‌కి రెండు వైపులా వేసే 1.25 ప్లేట్లు ఉన్నాయే, అంతే.

ఆ చిన్న ప్లేట్లని చిన్నచూపు చూడకు. ఆ స్థాయిలో కూడా పోటీ అక్కడే తేలింది.

మీల్_మేకర్_స్వామి

స్వామి శరణం. తిండి సంగతి ఎవరూ ఎత్తలేదు, అందుకే రాస్తున్నా. పీజీలో ఉంటున్నావా తమ్ముడూ? పీజీ భోజనంలో అన్నం, నీళ్ళ సాంబారు తప్ప ప్రొటీన్ ఉండదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మామూలు పెద్దవాళ్ళకి రోజుకి కిలో ఒంటి బరువుకి 0.83 గ్రాముల ప్రొటీన్ చెబుతుంది. బరువులు ఎత్తేవాళ్ళు 1.6 దాకా తీసుకుంటే మేలని క్రీడా పోషణ నిపుణుల మాట. 70 కిలోల మనిషికి అది 112 గ్రాములు. ఒక గుడ్డులో 6 గ్రాములే. లెక్క వేసుకుంటే నీ బెంచ్ ఎందుకు ఆగిందో సగం అక్కడే తెలుస్తుంది.

నేను ఏటా అయ్యప్ప మాల వేస్తాను. 41 రోజులు మాంసం, గుడ్డు ఉండవు, కడుపునిండా భోజనం మధ్యాహ్నం ఒక్కపూటే. అయినా బలం పోదు. పొడి మీల్ మేకర్ 50 గ్రాములు నానబెట్టి కూర చేస్తే పాతిక గ్రాముల ప్రొటీన్ వస్తుంది. పనీరు, చిక్కటి పెరుగు, వేయించిన పల్లీలు, పప్పు కలిపితే గడుస్తుంది. ఆ రోజుల్లో బార్ మీద బరువు అంతే ఉంచి, సెట్లు మూడోవంతుకి తగ్గిస్తాను. ఉన్న బలం నిలుపుకోవడానికి చాలా తక్కువ పని చాలు, పెంచుకోవడానికే ఎక్కువ కావాలి. చెప్పులు వేసుకోం కదా, జిమ్‌లో బూట్లు లేకుండా రానివ్వరు. అందుకని ఇంట్లోనే డంబెల్స్‌తో కానిచ్చేస్తాను, చన్నీళ్ళ స్నానం, పూజ అయ్యాక.

కొందరు మాల వేసినప్పుడు పూర్తిగా ఆపేస్తారు, అది వాళ్ళ ఇష్టం. నాకైతే దీక్షకీ దీనికీ పొత్తు కుదిరింది. తెల్లవారుజామున లేవడం, ఏం తినాలో ముందే తేల్చుకోవడం, సాకులు వినకపోవడం, అన్నీ అప్పుడే ఒంటబట్టాయి.

కీళ్ళు_కండరాలు

ఫిజియోథెరపీ చేస్తాను, హెచ్ఎస్ఆర్ లేఔట్‌లో. పట్టుదల ఎక్కువైనవాళ్ళే నా దగ్గరికి వస్తారు, అందుకని ఒక్క విషయం. సెట్ చివర్లో కండరం మండటం, మర్నాడో ఎల్లుండో పట్టేసినట్టుండటం మామూలే. కీలులో సూది గుచ్చినట్టు నొప్పి, చేతిలో తిమ్మిరి, నడుంలోంచి కాలిలోకి లాగడం, ఇవి వస్తే ఆ లిఫ్ట్ ఆ రోజుకి ఆపండి. ఆపడం అంటే జిమ్ మానడం కాదు. భుజం బాగాలేకపోతే కాళ్ళు చెయ్యొచ్చు. బీపీ ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టి ఎత్తకండి, ఆ క్షణంలో బీపీ బాగా పైకి పోతుంది. డాక్టర్‌ని అడిగి, తేలిక బరువుతో ఊపిరి వదులుతూ ఎత్తండి.

అలవాటు గురించి అడిగారు కాబట్టి ఇంకోటి. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు 96 మందిని గమనించి 2009లో వెల్లడించిన అధ్యయనం ఉంది. ఒక పని ఆలోచించకుండానే చేసే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. త్వరగా వచ్చినవాళ్ళకి 18, నిదానంగా వచ్చేవాళ్ళకి 254. నీళ్ళు తాగడంలాంటి తేలిక పనుల కంటే వ్యాయామానికే ఎక్కువ కాలం పట్టింది. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద తేడా రాలేదు. నా దగ్గరికి వచ్చేవాళ్ళందరికీ ఈ చివరి మాట తప్పకుండా చెబుతాను. ఒకరోజు పోయిందని నెల వదిలేసినవాళ్ళని చాలామందిని చూశాను.

బెళ్ళందూరు_కుర్రాడు

అందరికీ ధన్యవాదాలు. ఒక వారం సెట్లు తగ్గించి, తర్వాత మళ్ళీ 60తోనే మొదలుపెడతా, ఈసారి రెప్స్ రాసుకుంటూ. మంగళ, గురు, శని. మీల్ మేకర్ నిన్ననే తెచ్చా. ఒక చిన్న ఇబ్బంది: మా జిమ్‌లో 2.5 కిలోల ప్లేట్లే చిన్నవి. అవి రెండు వేస్తే ఒకేసారి ఐదు కిలోలు పెరుగుతుంది. 1.25 ప్లేట్లు అడిగితే లేవన్నారు.

నోటుబుక్కు_రాజు

సొంతంగా ఒక జత కొనుక్కో తమ్ముడూ, బ్యాగులో పడుంటాయి. కొనేముందు మీ బార్ చివర మందం కొలుచుకో. 20 కిలోల ఒలింపిక్ బార్ అయితే రంధ్రం 50 మిల్లీమీటర్లది తీసుకోవాలి, ఇంట్లో వాడే సన్న రాడ్డు ప్లేట్లు దానికి ఎక్కవు. బెంచ్‌కి వీలైతే అర కిలో జత కూడా తీసుకో, కాళ్ళకంటే చేతులకి చిన్న మెట్లే కావాలి. వాటి మీద పెయింట్‌తో నీ పేరు రాసుకో, లేకపోతే మిగతా ప్లేట్లలో కలిసిపోతాయి.