మేడ మీద పారదర్శక పాలీకార్బనేట్ కప్పు: చెన్నై గాలికి ఆగుతుందా?

వేళచ్చేరి మేడ:
బట్టలు ఆరేసుకునే చోట పదడుగులకు పన్నెండడుగుల కప్పు వేయించాలి. బెంగళూరులో మా అన్నయ్య 2 మి.మీ. పాలీకార్బనేట్ (గట్టి ప్లాస్టిక్) షీటు వేయించి, నాలుగడుగులకో ఇనుప పైపు పెట్టించాడు. బాగానే ఉంది. ఇక్కడా అదే కొలత సరిపోతుందా, మందం పెంచమంటారా?

తిరువాన్మియూరు ఇంజనీరు:
ఆ కొలత ఇక్కడికి తేకండి. కట్టడాలపై గాలి భారానికి భారత ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగం (2015) ప్రకారం లెక్కకు తీసుకునే మూల గాలి వేగం బెంగళూరుకు సెకనుకు 33 మీటర్లు, చెన్నైకి 50. గాలి ఒత్తిడి వేగపు వర్గాన్ని బట్టి (వేగం రెట్టింపైతే నాలుగింతలు) పెరుగుతుంది కాబట్టి చదరపు మీటరుకు అక్కడ సుమారు 66 కిలోలైతే ఇక్కడ 150 దాటుతుంది. కప్పు ఆకారం, చుట్టుపక్కల కట్టడాలను బట్టి ఇది మారుతుంది. 2 మి.మీ. షీటు బరువు మాత్రం చదరపు మీటరుకు రెండున్నర కిలోలు కూడా ఉండదు. నాలుగు వైపులా తెరిచిన కప్పును గాలి కింద నుంచి నెడుతుంది, పై నుంచి పీలుస్తుంది. అందుకే మందం కంటే ముందు బిగింపు చూడాలి. పైపులు దగ్గర చేయండి. అంచుల్లో, మూలల్లో పీలుపు ఎక్కువ, అక్కడ స్క్రూలు ఇంకా దగ్గరగా ఉండాలి.

మాంబళం పాతకాపు:
ఆయన చెప్పింది అక్షరాలా నిజం. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను వెళ్లాక ఎదురింటి మేడ చూశాను. పైపుల మీద స్క్రూలు వాషర్లతో సహా వరుసగా నిలబడే ఉన్నాయి. షీటు మాత్రం రంధ్రాల దగ్గర చిరిగి ఎగిరిపోయింది. ఇనుము ఒక్కచోట కూడా వంగలేదు!

అంబత్తూరు ఫ్యాబ్రికేటర్:
చిన్న వాషరు వేస్తే జరిగేది అదే. వెడల్పాటి వాషరు, దాని కింద మంచి రబ్బరు అడగండి. రంధ్రం స్క్రూ కంటే పెద్దదిగా ఉండాలి. మూడు మీటర్ల షీటు ముప్పై డిగ్రీల ఉష్ణోగ్రత తేడాకు దాదాపు 6 మి.మీ. సాగుతుంది. చోటు లేకపోతే రంధ్రం చుట్టూ పగుళ్లు వస్తాయి, తర్వాతి గాలికి అక్కడే చిరుగుతుంది. మిషనుతో రబ్బరు నలిగేదాకా బిగించినా అంతే. ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపే యూవీ పూత ఉన్న వైపు ఆకాశం వైపుకే ఉండాలి. తిరగేసి వేస్తే షీటు పచ్చబడి పెళుసెక్కుతుంది.

వేళచ్చేరి మేడ:
స్తంభాలను పిట్టగోడకు బిగిస్తే చాలునంటున్నాడు మా పనివాడు.

తిరువాన్మియూరు ఇంజనీరు:
వద్దండి. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ ఆ లాగుడుకు ఆగదు. మన మేడల మీద పెంకుల కింద సున్నం, ఇటుక ముక్కల పొర ఉంటుంది. చాలామంది బోల్టును ఆ పొరలోనే దించి వెళ్లిపోతారు. అక్కడ దానికి పట్టు ఉండదు. పొర తొలగించి, బేస్ ప్లేటును (స్తంభం అడుగున ఉండే ఇనుప పలకను) కాంక్రీటు శ్లాబుకే యాంకర్ బోల్టులతో బిగించాలి. తర్వాత చుట్టూ నీరు దిగకుండా పూత వేయించండి. షీటు ఎంత గట్టిదైతే గాలి లాగుడంతా అంత నేరుగా ఈ బోల్టుల మీదికే వస్తుంది.

వేళచ్చేరి మేడ:
అయితే డబ్బు షీటు మందానికి కాకుండా పైపులకు, బోల్టులకు పెడతాను. పెంకులు తీసేటప్పుడు దగ్గరుండి చూసుకుంటాను.

అంబత్తూరు ఫ్యాబ్రికేటర్:
ఈశాన్య రుతుపవనాలకు ముందే, సెప్టెంబరులోపు పని ముగించండి. ఏటా వానల ముందు ఒకసారి వాషర్లు చేత్తో కదిపి చూడండి. రబ్బరు ఎండిపోయి ఉంటే మార్చేయండి.