అప్‌డేట్: వంటగది గోడకు తీగ ఫోన్ బిగించడం పూర్తయింది

విశాఖలోని మా ఇంట్లో, అమ్మ కోసం వంటగది గోడకు తీగ ఫోన్ (ల్యాండ్‌లైన్) బిగించవచ్చా, దానికి అనుమతి ఏదైనా కావాలా అని ఇంతకుముందు అడిగాను. సలహా ఇచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

ఇలాంటి రెండు తీగల టెలిఫోన్ పరికరాలకు 2019 అక్టోబరు 1 నుంచి కేంద్ర టెలికాం శాఖకు చెందిన టెలికాం ఇంజనీరింగ్ సెంటర్ ధ్రువీకరణ తప్పనిసరి అయింది. ఆ ధ్రువీకరణ పొందే బాధ్యత తయారీదారుదీ దిగుమతిదారుదీ కనుక, విదేశం నుంచి బంధువులు తెచ్చిన పాత ఫోన్‌ను పక్కనపెట్టి, ధ్రువీకరణ ఉన్న మోడల్‌నే కొన్నాము.

మాది ఫైబర్ కనెక్షన్ కావడంతో, ఓఎన్‌టీ (ఫైబర్ లైను ఇంట్లో వచ్చి కలిసే పరికరం) పెట్టెకున్న ఫోన్ పోర్టు నుంచి ఇంట్లోని పాత తీగల ద్వారా వంటగదికి లైను ఇచ్చాము. అయితే వీధి స్తంభం నుంచి వచ్చే పాత రాగి తీగల జతను ముందుగా పూర్తిగా విడదీయాలి. రెండు వైపుల నుంచి విద్యుత్తు కలిస్తే పెట్టె పాడయ్యే ప్రమాదం ఉంది. రింగు మోగే సమయంలో లైనులో వోల్టేజి బాగా పెరుగుతుంది కాబట్టి, ఓఎన్‌టీ నుంచి ఫోన్ ప్లగ్ తీశాకే స్క్రూలు ముట్టుకోవాలి. సముద్రపు గాలికి పచ్చబారిన టెర్మినళ్లను మార్చక తప్పలేదు.

రాగి లైనుకు ఎక్స్చేంజి నుంచే కరెంటు అందేది, ఫైబర్‌కు ఆ సౌకర్యం లేదు. 2014 హుద్‌హుద్ తుపాను తర్వాతి చీకటి రోజులు చూసినవాళ్లం కాబట్టి, ఓఎన్‌టీకి చిన్న యూపీఎస్ కూడా పెట్టించాము.