ఆవు పాలు చేదొస్తున్నాయి, మూతి దగ్గర ఎర్రగా అయింది. వయ్యారిభామ వల్లేనా?

సర్జాపుర పాడి:
అందరికీ నమస్కారం. మాది మదనపల్లి దగ్గర పల్లె, పదేళ్ళుగా బెంగళూరులో సర్జాపుర రోడ్డు లోపలికి ఉంటున్నాం. నేను క్యాబ్ తోల్తా, అమ్మ రెండు హెచ్ఎఫ్ క్రాస్ (సంకర జాతి) ఆవుల్ని చూసుకుంటది. చుట్టూ లేఅవుట్లు వేసి సైట్లన్నీ ఖాళీగా పడేసినారు కదా, వానలు పడంగానే అంతా తెల్లపూల వయ్యారిభామే (పార్థీనియం అనే కలుపు మొక్క), నడుమెత్తు, మధ్యలో యాడో కాస్త గరిక. ఈ నెల మా నేపియర్ గడ్డి అయిపోయిందని అమ్మ, ఇంకో పిల్లోడు కలిసి ఆ సైట్లలోనే కొడవలితో కోసుకొచ్చి చాఫ్ కట్టర్‌లో వేసి పెడ్తా ఉండారు. పది రోజులుగా పెద్దావు పాలు చేదు. మొదట నా నోరే చేదుగా ఉందేమో అనుకున్నా, కాఫీలో కూడా తెలుస్తా ఉంది, నిన్న పాల సెంటర్లో వాపస్ ఇచ్చేసినారు. మూతి చుట్టూ, కళ్ళ కింద వెంట్రుకలు ఊడి ఎర్రగా అయింది, గోడకేసి రుద్దుకుంటా ఉంది, చొంగ కారుస్తా ఉంది. అమ్మకి కూడా మోచేతుల దాకా దద్దుర్లు. చిన్నావు బాగుంది, దానికి కోసిన మేత తక్కువ, ఎక్కువ బయటే మేస్తది. ఇన్నేళ్ళు అవే సైట్లలో మేసినాయి, ఎప్పుడూ ఏం కాలే, ఇప్పుడే ఎందుకు ఇట్లయింది? అమ్మ రాత్రి నిద్రపోవట్లేదు, తెలిసినోళ్ళు చెప్పండి.

హొసకోటె రైతుబిడ్డ:
అన్నా, చిన్నావు బాగుందన్నావు చూడు, కారణం ఆడే ఉంది. ఆవుని విడిస్తే మూతితో పక్కకి తోసి గరిక మాత్రమే కొరుక్కుంటది, వయ్యారిభామని వాసన చూసి వదిలేస్తది, మరీ ఆకలైతే తప్ప ముట్టదు. అదే నువ్వు మిషన్‌లో వేసి అంగుళం ముక్కలు చేసి పైన తవుడు, ఉప్పు చల్లి పెడితే అది ఎట్లా ఏరుకుంటది, అన్నీ కలిపి మింగేస్తది. మా ఇంట్లో కూడా మూడేళ్ళ కింద ఇట్లే అయింది, కూలికి వచ్చినోళ్ళు మోపు బరువు రావాలని కాడలతో సహా కోసుకొచ్చినారు, మేము చూసుకోలే. ఇప్పుడు పోయి మీ గోతాం ఒకటి నేల మీద గుమ్మరించి చూడు. చామంతి ఆకు మాదిరి చీలికలు చీలికలుగా ఉండే ఆకు, గీతలు గీతలుగా గట్టి కాడ, సగ్గుబియ్యం మాదిరి తెల్ల మొగ్గలు కనపడితే ఆ మేత అంతా తీసి పారెయ్, ఏరి పెడదామని మాత్రం చూడొద్దు. వరిగడ్డో రాగిగడ్డో కొనైనా వెయ్యి, ఖర్చు చూసుకోవద్దన్నా.

హెబ్బాళ పశువైద్యం:
నేను వెటర్నరీ చదువుతున్నాను. పై అన్న చెప్పింది కరెక్టే. ఈ మొక్కలో పార్థెనిన్ అనే పదార్థం ఉంటుంది, దురద, వెంట్రుకలు ఊడటం, కళ్ళ చుట్టూ వాపు, నోట్లో పుండ్లు, విరేచనాలు, ఇవన్నీ దాని వల్ల వస్తాయి, పాలు చేదెక్కేదీ దీనివల్లే. మేతలో 10 నుంచి 50 శాతం దాకా ఇదే కలిస్తే పశువు చనిపోవచ్చు కూడా, కాబట్టి దద్దుర్లే కదా అని వదిలెయ్యకండి. దీనికంటూ విరుగుడు మందు లేదు, మేత ఆపడమే మొదటి వైద్యం, తర్వాత కాలేయానికి, చర్మానికి డాక్టర్ చూసి ఇవ్వాలి. కానీ ఒక్క మాట, చొంగ కారుతోందన్నారు, కాబట్టి గాలికుంటు (నోట్లో, గిట్టల మధ్య పుండ్లు వచ్చే అంటురోగం) కాదని తేల్చుకోవాలి. గిట్టల మధ్య పుండ్లున్నాయా, కుంటుతోందా, జ్వరముందా, చిన్నావుకి కూడా మొదలైందా చూడండి. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా రెండిటినీ వెంటనే విడదీసి, ఇవాళే డాక్టర్‌ని పిలవండి. చేదు పోయేదాకా ఆ పాలు ఇంట్లో పిల్లలకి పొయ్యొద్దు. అమ్మగారిని చర్మం డాక్టర్‌కి చూపించండి, ఒకసారి ఎలర్జీ పట్టుకుంటే ప్రతిసారీ వస్తుంది, ఇక ఆ మొక్కని వట్టి చేత్తో ముట్టనివ్వద్దు.

గుంటూరోడు బెంగళూరులో:
మా అపార్ట్‌మెంట్ పక్క సైట్లో రెండేళ్ళుగా దీన్ని పీకుతున్నానండి, అందుకే రాస్తున్నా. మన దేశంలో దీన్ని మొదట 1955లో పూణేలో గుర్తించారు, అమెరికా గోధుమలతో వచ్చిందంటారు, ఇప్పుడు రోడ్డు పక్కన మట్టి కుప్ప కనిపిస్తే చాలు అక్కడ ఉంటుంది. ఒక్క మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది, మొలిచిన నెలకే పూత. బెంగళూరుకి దీనితో ఇంకో సంబంధం ఉంది, దీన్ని తినే పెంకు పురుగుని మెక్సికో నుంచి తెప్పించి 1984లో ఈ ఊరి చుట్టుపక్కలే వదిలారు. వానాకాలంలో ఆకులు తిరగేసి చూడండి, కందిగింజంత ఉంటుంది, మీగడ రంగు వీపు మీద గోధుమ రంగు చారలు. అది కనిపిస్తే దయచేసి మందు కొట్టకండి, నేను చూసిన ఒక సైట్లో వారం రోజుల్లో కాడలు మాత్రమే మిగిల్చింది. అప్పట్లో పొద్దుతిరుగుడు పంట మీద కనిపించిందని పెద్ద గొడవే జరిగింది, కానీ అది బతికేది వయ్యారిభామ మీదే. వానలు పోతే మట్టిలోకి వెళ్ళి పడుకుంటుంది, అందుకే దాన్నొక్కదాన్నే నమ్ముకుంటే పని అవదు. పూత రాకముందే, వాన పడ్డ మర్నాడు నేల మెత్తగా ఉన్నప్పుడు, గ్లౌజులు వేసుకుని వేళ్ళతో సహా పీకాలి. కొడవలితో కోస్తే మళ్ళీ చిగురేస్తుంది. పూత రానివి గుంతలో వేస్తే ఎరువైపోతాయి, పూసినవి మాత్రం వెయ్యొద్దు. పంట వెయ్యని రోడ్డు వారల్లో అయితే లీటరు నీళ్ళకి 200 గ్రాముల ఉప్పు కలిపి కొట్టినా మాడిపోతుంది, మేత నేల మీద మాత్రం వద్దు, నేల పాడవుతుంది.

సర్జాపుర పాడి:
అందరికీ చాలా థ్యాంక్స్. గోతాం గుమ్మరించి చూసినా, సగానికి సగం అదే, తెల్ల మొగ్గలు నేల మీద రాలి పడినాయి. అమ్మ చూసి ఏడ్చేసింది, నా చేతుల్తో నేనే పెట్టినానే అని. డాక్టర్ వచ్చి గిట్టలు, నోరు చూసినాడు, జ్వరం లేదు, గాలికుంటు కాదన్నాడు, ఇంజెక్షన్ ఇచ్చి పూత మందు రాసిచ్చినాడు, రక్తం తీసుకుపోయినాడు. ఆనేకల్ నుంచి రాగిగడ్డి తెప్పించినా. పొద్దున పెద్దావు కొట్టంలో కూచుని నెమరేస్తా ఉంటే అమ్మ గంట సేపు పక్కనే కూచునింది. పాలు ఇంకా చేదుగానే ఉండాయి, సెంటర్‌కి పొయ్యట్లేదు. ఆదివారం నలుగురం కలిసి పక్క రెండు సైట్లు పీకేస్తాం, సర్జాపుర వైపు ఎవరన్నా ఉంటే గ్లౌజులు తీసుకుని రండి.