ఉపమ, ఉత్ప్రేక్ష అనే అలంకారాలకి తేడా ఏంది?

కావలిలో మాకు చిన్న టిఫిన్ కొట్టు ఉంది. పాప పదో తరగతి. రాత్రి దోసెల పిండి రుబ్బుతుంటే వచ్చి ఈ ప్రశ్న అడిగింది. ఉపమ అంటే నాకు ఉప్మానే గుర్తొచ్చింది! రేపే పరీక్ష, దానికంటే నాకే ఎక్కువ టెన్షన్. పుస్తకం భాష లేకుండా చెప్పండి.

జవాబు: మీ దోసెతోనే చూద్దాం అక్కా. "దోసె చంద్రుడిలా గుండ్రంగా ఉంది" అని పోలిస్తే ఉపమ. మనం పోలుస్తున్న దోసె ఉపమేయం, దేంతో పోలుస్తున్నామో ఆ చంద్రుడు ఉపమానం, రెండింట్లోనూ ఉన్న గుణం, అంటే గుండ్రంగా ఉండటం, సమానధర్మం, పోలికని చెప్పే 'లా' ఉపమావాచకం. నాలుగూ ఉంటే పూర్ణోపమ. "పెనం మీదికి చంద్రుడే దిగాడేమో!" అంటే ఉత్ప్రేక్ష. అక్కడ ఉన్నది ఊహ.

ఇంకో జవాబు: ఒంగోలులో ట్యూషన్ చెప్తాను. 'వలె' ఉంటే ఉపమ, 'కాబోలు', 'ఏమో' ఉంటే ఉత్ప్రేక్ష అని పిల్లలు బట్టీ పడతారు. "వాన వస్తుందేమో" అన్నా ఉత్ప్రేక్షేనని రాసేస్తారు! అది మామూలు అనుమానం. ఒకదాన్ని ఇంకొకటిగా ఊహించాలి.

పాపకి అర్థమైంది. మరి మా ఆయన "నీ సాంబారు పెన్నా వరద" అంటాడే, అదేంది?

జవాబు: రెండూ ఒకటే అనేశారు కాబట్టి అది రూపకం అనే ఇంకో అలంకారం. పప్పు కాస్త ఎక్కువెయ్యండి అక్కా.