అంబర్‌జాక్‌లో అంబరం లేదు

నిన్న దిద్దుతున్న ఒక అనువాదంలో అంబర్‌జాక్ అనే సముద్రపు చేపకు ‘అంబర మీనం’ అని కనిపించింది. వినసొంపుగానే ఉంది గానీ ఆకాశానికీ ఈ చేపకూ ఏ చుట్టరికమూ లేదు. అంబర్ మాట అరబ్బీ నుంచి వచ్చింది. ఇక్కడ దాని అర్థం తృణమణి, అంటే రాయిలా గట్టిపడిన పాతకాలపు చెట్టుబంక. రుద్దితే గడ్డిపరకను లాక్కుంటుంది కాబట్టి తృణమణి అన్న పేరు. ఈ చేప ఒంటిమీద కంటి నుంచి తోకదాకా అదే పసిమి రంగు చార సాగుతుంది.

జపాన్ వాళ్ల కంటికి ఆనింది ఇంకో చార. పెద్ద అంబర్‌జాక్ అనే రకాన్ని వాళ్లు కంపాచి అంటారు. కన్ అంటే నడుమ, హాచి అంటే ఎనిమిది. తలను పైనుంచి చూస్తే, కళ్ల మీదుగా వెన్నువైపు ఏటవాలుగా పోయే రెండు నల్లపట్టీలు వాళ్ల ఎనిమిది అక్షరంలా ఉంటాయి. ఆ అక్షరం నడుమ కలవని ఇంటికప్పులా రెండే గీతలు లెండి. దీని దాయాది ఆల్మాకో అనే చేపను హిరెనాగ కంపాచి, అంటే పొడుగురెక్క కంపాచి అంటారు. రెంటినీ విడదీసే గుర్తూ అదే. ఆల్మాకోకు రెండో వెన్నురెక్క ముందు కొన కొడవలిలా లేచి రొమ్మురెక్కను మించుతుంది. కంపాచికి అంత లేవదు.

*మన ‘పార’ చేప పేరే పెడితే చాలదా?*

పారదీ అంబర్‌జాక్‌దీ కుటుంబం ఒకటే. 1810లో రిస్సో అనే ప్రకృతి శాస్త్రవేత్త కూడా అంబర్‌జాక్‌ను పారల ప్రజాతి కారాంక్స్‌లోనే వేశాడు, తర్వాత సెరియోలా అనే వేరే ప్రజాతికి మారింది. కానీ పారకు తోక మొదట్లో పక్కన వేలు పెడితే గట్టి పలకల్లాంటి పొలుసులు గరుగ్గా తగులుతాయి. అంబర్‌జాక్‌కు అవి లేవు.

*పిల్లచేపకు ఉండేవి అడ్డపట్టీలు కదండీ?*

నిజమే. పిల్లలు తేలే నాచు కిందా, కొట్టుకొచ్చిన దుంగల నీడనా తిరుగుతాయి. పెరిగాక పగడపు దిబ్బల దగ్గరా, మునిగిన ఓడల దగ్గరా చిన్నచేపల్నీ స్క్విడ్‌లనూ వేటాడతాయి. 190 సెంటీమీటర్లు, 80 కిలోలదాకా ఎదగ్గలవు. వీటికి దగ్గరిదే ఇంకో చేపను టోక్యో వైపు ఎదుగుదలను బట్టి వకాషి, ఇనాడ, వరస, బురి అంటారు. మనం పిందె, కాయ, పండు అన్నట్టు.

చివరికి నేను అంబర్‌జాక్ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట మాత్రం ‘పసిమిచార చేప’ అని కలిపాను. ‘తృణమణి మీనం’ అని రాయడానికి చెయ్యి రాలేదు.