మందస కొండ కింద తోట గదిలో రెండు రాత్రులు: ఊట నీరు, గెడ్డ, రాత్రి జాగ్రత్తలు

తోటమకాం:
అందరికీ నమస్కారం. శ్రీకాకుళం జిల్లా మందస మండలంలో కొండ మొదట్లో మాకు 3 ఎకరాల జీడితోట ఉంది. అందులో సామాన్లకని వేసిన రేకుల గది, 10 బై 12. గచ్చు నేలకి అడుగున్నర ఎత్తు. కనుమ వెళ్ళాక రెండు రాత్రులు అక్కడే ఉందామని పిల్లల కోరిక. మొత్తం ఆరుగురం. ఇద్దరు చిన్నపిల్లలు, అత్తమ్మకి డెబ్బై దాటాయి. గదికి 40 అడుగుల్లో గెడ్డ పారుతుంది. ఎగువన రాళ్ళ సందులోంచి ఊట వస్తుంది, ఎండాకాలంలో కూడా ఆరదు. తోట పనివాళ్ళు అదే తాగుతారు. కరెంటు లేదు, మరుగుదొడ్డి లేదు.
ఊట నీరు పిల్లలకి నేరుగా పట్టొచ్చా? గెడ్డకి అంత దగ్గర్లో పడుకోవచ్చా? మాకు తట్టని ప్రమాదాలు ఇంకేమన్నా ఉంటే చెప్పండి.

గెడ్డగట్టు:
గెడ్డ విషయంలో దూరం కంటే ఎత్తు ముఖ్యమండి. 40 అడుగుల అవతలున్నా గచ్చు గట్టుతో సమానంగా ఉంటే నీరు లోపలికొస్తుంది. వరద గుర్తు ఇలా వెతకండి: గెడ్డ వారనున్న చెట్ల మొదళ్ళకీ తుప్పలకీ ఎగువ వైపు ఎండుగడ్డి, పుల్లలు, పాలిథిన్ పీలికలు చుట్టుకుని జడలా వేలాడుతుంటాయి. వాటిలో అన్నిటికంటే పైన ఉన్నది ఎక్కడుందో, నీరు అక్కడిదాకా వచ్చినట్టే. తాపీమేస్త్రీలు వాడే లెవెల్ ట్యూబులో నీళ్ళు పోసి ఆ గుర్తునీ మీ గచ్చునీ సరిచూడండి. గచ్చు కనీసం 2 అడుగులు పైన ఉంటేనే అక్కడ పడుకోండి. ఊళ్ళో పెద్దవాళ్ళని తిత్లీ తుఫాను నాటి నీటిమట్టం కూడా అడగండి. 2018 అక్టోబరు 11న అది పలాస దగ్గరే తీరం దాటింది కాబట్టి ఆ చుట్టుపక్కల అందరికీ గుర్తుంటుంది.

కనుమ తర్వాతంటే మంచి సమయమే, తుఫాన్ల కాలం దాటిపోతుంది. అయినా ఒకటి మర్చిపోకండి. మహేంద్రగిరి 1,501 మీటర్ల కొండ, దాని నీళ్ళు దిగే వాలు చాలామటుకు ఒడిశా గజపతి జిల్లాలో ఉంది. తోటలో చినుకు పడకుండానే పైనుంచి నీరు దిగుతుంది. తేటగా పారే గెడ్డ ఎర్రబడినా, ఎండాకులూ పుల్లలూ గుంపుగా కొట్టుకొచ్చినా, చప్పుడు మారినా సామాన్ల సంగతి వదిలేసి మనుషులు మిట్టకి వెళ్ళిపోవాలి.

పిల్లలు స్నానానికి దిగే ముందు పెద్దవాళ్ళు పొడవాటి కర్రతో అడుగడుగూ పొడిచి చూడండి. ఇసుక తీసిన చోట మోకాలి లోతు పక్కనే నిలువులోతు గుంత ఉంటుంది, పైనుంచి చూస్తే తెలీదు.

నీళ్ళపని:
పనివాళ్ళు తాగుతున్నారు కదా అని పిల్లలకి పట్టకండి. వాళ్ళకి ఆ నీరు అలవాటై ఉండొచ్చు, మీ పిల్లలకి కాదు. వాన నీరు మట్టిలోంచీ రాతి చీలికల్లోంచీ దిగి, గట్టి రాయి అడ్డు తగిలిన చోట బయటికొస్తే ఊట. మట్టిలో మెల్లగా వడకట్టుకుని వస్తే మంచి నీరే. కానీ చీలిక వెడల్పుగా ఉంటే పైనున్న పేడ, మలం కూడా అదే దారిన గంటల్లో దిగుతాయి. అందుకే ముందు ఊటకి ఎగువన ఏముందో నడిచి చూడండి: పశువులు కట్టే చోటు, పోడు, మనుషులు బయటికెళ్ళే చోటు.

రెండు పరీక్షలు ఖర్చు లేకుండా చేసుకోవచ్చు. వాన పడిన మర్నాడు ఊట మురికిగా మారితే పైనీరు కలుస్తున్నట్టు. రెండోది, గాజు సీసాలో పట్టి రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున్న వెలుగుకి అడ్డంపెట్టి చూడండి. అడుగున సన్నటి ఇసుక మాత్రమే ఉంటే సరే. కుళ్ళిన ఆకు నలుసులు, తేలే పురుగులు ఉంటే ఊట నోరు తెరిచి ఉందన్నమాట. అయితే తేట నీరంతా మంచిదని కాదు. క్రిములు కంటికి కనపడవు.

ఎలా ఉన్నా, తాగే నీరు నాలుగు మడతల గుడ్డలో వడకట్టి, తెర్లడం మొదలయ్యాక ఒక పూర్తి నిమిషం మరగనివ్వండి. కట్టెలు చాలకపోతే 67 మిల్లీగ్రాముల క్లోరిన్ మాత్ర 20 లీటర్ల తేట నీటికి ఒకటి వేసి, కలిపి, అరగంట ఆగాలి. ఇతర బరువుల మాత్రలూ దొరుకుతాయి, పొట్లం మీద రాసిన లెక్క చూసి వేయండి. ఆరుగురికి తాగడానికీ వంటకీ రోజుకి 30 లీటర్లు పెట్టుకోండి. పాత్రలో చేయి ముంచే గ్లాసు వద్దు, కుళాయి ఉన్న డబ్బా తీసుకెళ్ళండి. మంచినీళ్ళు చెడేది ఎక్కువగా అక్కడే.

మరుగుదొడ్డి ఊటకీ గెడ్డకీ కనీసం 100 అడుగుల అవతల, ఊటకి దిగువ వైపు. 2 అడుగుల గుంట, చుట్టూ నాలుగు వెదుళ్ళకి గోనెపట్టాలు, పక్కన బూడిద బకెట్టు. వెళ్ళిన ప్రతిసారీ బూడిద, మట్టి వేయాలి.

తోటమకాం:
చాలా సంతోషమండి. ఊటకి 50 అడుగుల ఎగువన పక్క తోటవాళ్ళు ఆవుల్ని కడతారు. ఊట చుట్టూ సిమెంటు తొట్టె కట్టించేస్తే సరిపోతుందా? నీళ్ళు కాస్త ఎత్తుకి నిలబడితే గదిదాకా పైపు వేసుకోవచ్చని మావారి ఆలోచన.

నీళ్ళపని:
ఆ ఎత్తుకి నిలబెట్టడం దగ్గరే ఊటలు పోతాయమ్మా. ఊట సహజంగా బయటికొచ్చే మట్టం కంటే పైకి నీరు నిలిపితే, ఆ బరువుకి వెనక్కి తన్ని పక్క సందు వెతుక్కుంటుంది. తొట్టె ఎండి, పది అడుగుల అవతల చిత్తడి తేలుతుంది. మళ్ళీ పాత దారికి తేవడం ఎవరి వల్లా కాదు. అందుకే తొట్టెలో ఎక్కువైన నీరు పొర్లి బయటికి పోయే గొట్టం ఊట మట్టానికి దిగువనే ఉండాలి. గది అంతకంటే పల్లంలో ఉంటే నీరు దానంతటదే వస్తుంది.

ఈ రెండు రాత్రులకి తొట్టె అక్కర్లేదు. ఊట నోట్లో ఆకులు తీసి, గులకరాళ్ళు పేర్చి, వాటి మధ్య మూడడుగుల పీవీసీ గొట్టం పెట్టి చుట్టూ బంకమట్టి మెత్తండి. బిందె గొట్టం కిందే పెట్టి పట్టుకోండి. ఎగువన 25 అడుగుల దూరంలో వంపుగా అడుగు లోతు కాలవ తీసి వాననీరు పక్కకి మళ్ళించండి. ఆవుల్ని మటుకు ఇంకో వైపు కట్టమని పక్క తోటవాళ్ళని మర్యాదగా అడగండి, అన్నిటికంటే పనికొచ్చేది అదే.

తొట్టె గురించి మే నెలలో ఆలోచించండి. అప్పుడు 20 లీటర్ల బకెట్టు ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. 100 సెకన్లు పడితే రోజుకి 17,280 లీటర్లు. ఎండాకాలపు లెక్కే అసలు లెక్క. కట్టించే ముందు గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో నీరు చూపించండి. మరిగిస్తే క్రిములు చస్తాయి కానీ నీటిలో కరిగిన ఖనిజాలు పోవు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం చుట్టుపక్కల ఈ సంగతి తేలిగ్గా తీసుకోకూడదు.

జీడిమావిడి:
రాత్రి సంగతి ఎవరూ చెప్పలేదు. చలికి రేకుల గదిలో తలుపు మూసి కుంపటి పెట్టొద్దు. బొగ్గు నుంచొచ్చే కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. నిప్పు బయటే, జీడాకు 10 అడుగుల మేర ఊడ్చి, అడుగు గుంటలో. పడుకునే ముందు నీళ్ళు పోసి, కర్రతో కలిపి, మళ్ళీ పోయండి. జీడాకు నూనె పట్టినట్టు అంటుకుంటుంది.

కింద పక్కలు వేయకండి. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళని కరుస్తుంది, నొప్పీ వాపూ పెద్దగా ఉండవు. తెల్లవారాక కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం కనిపిస్తే కాటు గుర్తు లేకపోయినా ఆసుపత్రికే. కట్టు బిగించడం, కోయడం, పసరు పోయడం వద్దు. కదలనివ్వకుండా 108కి ఫోన్ చేయండి. దగ్గర్లో ఏ ప్రభుత్వ ఆసుపత్రిలో విషం విరుగుడు ఇంజక్షన్ ఉందో బయల్దేరే ముందే కనుక్కోండి. మంచాల మీద దోమతెర కట్టి అంచులు పరుపు కిందకి దోపాలి. తలుపు కింద సందుకి తడిపి పిండిన గోనెసంచి, గోడ వారన కట్టెల మోపులుంటే తీసేయడం.

మందస, వజ్రపుకొత్తూరు వైపు ఎలుగుల సంచారం ఉంది. చీకటి పడేటప్పుడూ తెల్లవారే ముందూ ఒంటరిగా వెళ్ళొద్దు. టార్చి వేసుకుని గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్తే ముందే తప్పుకుంటుంది. ఎదురుపడి ఉలిక్కిపడిన ఎలుగే మీద పడుతుంది. పరుగెత్తకండి, చెట్టెక్కకండి, అది కూడా ఎక్కుతుంది. మెల్లగా వెనక్కి నడవాలి. బెల్లం, పండ్ల తొక్కలు, నూనె గిన్నెలు గది బయట ఉంచకండి.

తోటమకాం:
లెవెల్ ట్యూబు, క్లోరిన్ మాత్రలు, దోమతెరలు రాసుకున్నాం. తుప్పల్లో తిరిగొచ్చాక పిల్లలకి జ్వరం వస్తే?

జీడిమావిడి:
వారం నుంచి రెండు వారాల్లో జ్వరమొచ్చి, ఒంటి మీద ఎక్కడో నొప్పి లేని నల్లటి పక్కు కనిపిస్తే స్క్రబ్ టైఫస్ (తుప్పల్లో ఉండే కంటికి ఆనని సన్నటి పురుగు కుట్టి వచ్చే జ్వరం) కావచ్చు. చంకల్లో, నడుం దగ్గర, చెవి వెనక వెతకండి. తోటలో ఉన్నామని డాక్టరుకి మీరే చెప్పండి, మందు వెంటనే పనిచేస్తుంది. పిల్లలకి నిండుచేతుల చొక్కాలు వేయండి. గడ్డి మీద పట్టా పరిచి కూర్చోబెట్టి, ఇంటికి రాగానే బట్టలు వేడినీళ్ళలో వేయండి.