చర్చ: ‘మాటల విలువ 7 శాతమే’ అని ఇంకా నేర్పించాలా?

హన్మకొండ, కొత్త ఉద్యోగి:
మొన్న మా ఆఫీసులో రెండ్రోజులు ట్రైనింగ్ పెట్టారు. మొదటి స్లైడే ఇది: మనం చెప్పేదాంట్లో మాటల వాటా 7 శాతం, గొంతుది 38, ముఖం, ఒంటి కదలికలది 55. డిగ్రీలో ప్లేస్‌మెంట్ క్లాసులోనూ ఇదే రాయించారు. నేను రోజంతా ఫోన్లో కస్టమర్లతో మాట్లాడతాను. వాళ్లకు నా ముఖమే కనపడదు. మరి నేను చెప్పేదాంట్లో సగానికి పైగా వాళ్లకు చేరట్లేదా? ఈ లెక్క నిజమేనా? కాకపోతే ఇంకా ఎందుకు నేర్పిస్తున్నారు?

కరీంనగర్ ట్రైనర్:
తమ్ముడూ, ఆ స్లైడ్ నేనూ ఏళ్లుగా వాడుతున్నాను. నా క్లాసుకు వచ్చేది ఎక్కువగా జమ్మికుంట, హుజూరాబాద్, మంథని వైపు తెలుగు మీడియం పిల్లలు. ఇంగ్లీషులో నోరు తెరవాలంటేనే వాళ్లకు చెమటలు పడతాయి. ‘మాటలది 7 శాతమే, నిటారుగా నిలబడి కళ్లలోకి చూడు’ అంటే ఆ టెన్షన్ తగ్గుతుంది. వెనక బెంచీలో ముడుచుకుని కూర్చున్న అమ్మాయి లేచి బోర్డు దగ్గరికి రావడం నా కళ్లతో చూశాను. అంకె అటూ ఇటూ అయినా మేలే జరుగుతోంది కదా?

వరంగల్, సైకాలజీ లెక్చరర్:
అంకె అటూ ఇటూ కాలేదు సార్, దాని అర్థమే మారిపోయింది. ఈ లెక్క అమెరికా ప్రొఫెసర్ ఆల్బర్ట్ మెహ్రాబియన్‌ది. 1967లో వచ్చిన రెండు ప్రయోగాలను కలిపి తీసినది. మొదటిదాంట్లో విడి మాటల అర్థాన్ని, వాటిని పలికిన గొంతును పోల్చారు. రెండోదాంట్లో ‘మేబీ’ అనే ఒక్క మాటను మూడు రకాల గొంతుల్లో వినిపిస్తూ ముఖాల ఫొటోలు చూపించారు. మాట, గొంతు, ముఖం మూడింటినీ కలిపి ఒకేచోట కొలవనే లేదు. అక్కడ అడిగింది కూడా ‘ఏం అర్థమైంది’ అని కాదు, మాట్లాడే మనిషికి అవతలివాళ్లంటే ఇష్టమా, కాదా అని.

పెళ్లిచూపులయ్యాక అబ్బాయి తరఫువాళ్లు ‘చూద్దాంలే’ అంటారు. అది ఒప్పుకోవడమో కాదనడమో ఆ గొంతులో, ముఖంలో తెలిసిపోతుంది. మెహ్రాబియన్ కొలిచింది ఇలాంటిదాన్ని. అదే, ‘తేమ ఎక్కువున్న మిర్చిని ఎనుమాముల మార్కెట్‌కు తేవద్దు’ అన్న కబురు మాట లేకుండా ఎట్లా చేరుతుంది? ఇష్టాయిష్టాలు, భావాల సంగతి తప్ప మిగతావాటికి ఈ సూత్రం వర్తించదని ఆయనే స్పష్టంగా రాశారు.

ట్రైనింగుల్లో చూపించే ‘చదివితే 10 శాతం గుర్తుంటుంది, వింటే 20’ అనే శంకువు బొమ్మదీ ఇదే కథ. అమెరికా విద్యావేత్త ఎడ్గర్ డేల్ 1946లో గీసిన అసలు బొమ్మలో ఒక్క శాతం కూడా లేదు. అంకెలు తర్వాత ఎవరో తగిలించారు.

జనగామ, స్టాఫ్ నర్సు:
మా డ్యూటీ మారేటప్పుడు ఒకరికొకరం మందుల లెక్క అప్పజెప్పుకుంటాం. ఇన్సులిన్ ‘ఆరు’ యూనిట్లన్నది ‘పదహారు’ అని వినపడితే ఏమవుతుందో తలుచుకుంటేనే భయం. అందుకే అంకెను రెండుసార్లు పలికిస్తాం, రాయిస్తాం. అక్కడ మాటే అంతా.

కానీ ట్రైనర్ గారిని పూర్తిగా కాదనలేను. ‘నొప్పేం లేదు బిడ్డా’ అంటూనే మంచం కడ్డీని గట్టిగా పట్టుకునే ముసలమ్మలను రోజూ చూస్తాను. అప్పుడు నేను ఆ మాట నమ్మను, ఆ చేతినే నమ్ముతాను. మాటా ముఖమూ పొసగనప్పుడు ముఖాన్ని చూడమని నేర్పండి. అది నిజం. దానికి శాతాలు అక్కర్లేదు.

కరీంనగర్ ట్రైనర్:
లెక్చరర్ గారూ, మూడూ కలిపి కొలవలేదన్న సంగతి నాకు తెలియదు. స్లైడ్ తీసేస్తాను. కానీ ఆ పిల్లల భయం అట్లనే ఉంటుంది. దాని బదులు ఏం పెట్టాలో చెప్పండి.

పరకాల, అకౌంట్స్ ఉద్యోగి:
సార్, మీరు చెప్పే ఆ తెలుగు మీడియం పిల్లవాణ్ని నేనే. ఇదే స్లైడ్ నమ్ముకుని మొదటి ఇంటర్వ్యూకు పోయాను. నిటారుగా కూర్చున్నాను, కళ్లలోకి చూశాను. డబుల్ ఎంట్రీ అంటే ఏంటని అడిగారు. నాకు బాగా తెలిసిన సంగతి. అయినా ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాలేదు. నిటారుగానే బయటికొచ్చాను. ఆ రాత్రి బస్సులో ఎంత ఏడ్చానో నాకే తెలుసు.

తర్వాత మా సీనియర్ అక్క ఒకామె నా పనికి సంబంధించిన ఇరవై వాక్యాలు రాసిచ్చి, నెలరోజులు పొద్దున్నే పైకి చదివించింది. రెండో ఇంటర్వ్యూలో నా చేతులు వణికాయి, గొంతూ వణికింది. ఉద్యోగం మాత్రం వచ్చింది.

కరీంనగర్ ట్రైనర్:
తమ్ముడూ, ఆ ఇరవై వాక్యాలు నీ దగ్గర ఇంకా ఉంటే ఇక్కడ పెట్టు. సోమవారం కొత్త బ్యాచ్ మొదలవుతోంది.